నీటడుగు రంగు

లంగరు సందులో పన్నెండో నంబరు ఇంటి గోడకు ఎవరూ వీపు ఆనించరు. పాలబండివాడు, ఉత్తరాలవాడు, ఆఖరికి పీకలదాకా తాగి తూలుతూ వచ్చేవాడు కూడా ఆ గోడ దగ్గరికి వచ్చేసరికి జానెడు ఎడంగా జరిగి నడుస్తాడు. తాగినవాడికి తన ఇల్లు గుర్తుండకపోవచ్చు గాని ఆ జానెడు మాత్రం మరిచిపోడు. ఈ మర్యాద దక్కనిది కొత్తల్లుడికి ఒక్కడికే. ఆ సందు పిల్లను చేసుకున్నవాణ్ణి పెళ్ళినాడు నలుగురూ చుట్టుముట్టి, మాటల్లో పెట్టి, వెనక్కి వెనక్కి నడిపించుకుపోయి ఆ గోడకు ఆనిస్తారు. కొత్త కోటు వీపంతా ఎర్రగా అంటుకుంటుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ మరక పోదు. "ఇప్పుడయ్యావురా మావాడివి!" అని అప్పుడు చేతికి ద్రాక్షసారా గ్లాసు ఇస్తారు. బ్యూనస్ ఎయిర్స్ నడిబొడ్డు నుంచి వచ్చిన వకీలు అల్లుడొకడు కోటు పాడైందని అలిగి కూర్చుంటే, ఆ అలక తీర్చడానికి ఎవరూ వెళ్ళలేదు.

ఏటా అక్టోబరులో ఆ గోడకు ఎర్ర రంగు పూసేది ఆ ఇంట్లోనే ఉండే ప్రోస్పెరో ఫిగాల్లో. అరవై నాలుగేళ్ళవాడు, నలభై ఏళ్ళు రేవులో ఓడలకు రంగులు వేసినవాడు. ఊపిరితిత్తులు మొరాయించాక పని మానేశాడు గాని, చేతికున్న కుంచె మాత్రం మానలేదు.

ఆ సందున్న రేవుపేట లా బోకాలో ఇళ్ళన్నీ రేకుల గోడలే, కర్ర కాళ్ళ మీద నిలబడ్డవే. ఆగ్నేయపు గాలి తిరిగిందంటే నది వీధిలోకి వచ్చేస్తుంది మరి. ఆ రేకులకు రంగు కొనే స్తోమత ఇటలీలోని జెనోవా నుంచి వచ్చినవాళ్ళలో ఎవరికీ ఉండేది కాదు. ఓడలకు పూయగా డబ్బా అడుగున మిగిలింది ఎంతుంటే అంత ఇంటికి తెచ్చుకునేవారు. ఒక డబ్బా ఏ గోడకూ పూర్తిగా సరిపోదు. అందుకే తలుపు ఒక రంగు, కిటికీ ఒక రంగు, పక్క గోడ సగం నీలం, సగం పసుపు. నగరంవాళ్ళు చూసి నవ్వుతారు. నవ్వనీ, నవ్వితే పోయేవి వాళ్ళ పళ్ళేగా. ఆ నీలం ఏ ఓడదో, ఆ ఓడ ఏ ఏడాది రేవుకు వచ్చిందో, ఆ వారం ఎవరింట ఎవరు పుట్టారో లంగరు సందులో ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. చర్చి పుస్తకంలో తేదీ తప్పు పడొచ్చు, గోడ మీద పడదు.

పన్నెండో నంబరు ఇంటి ఎరుపు మాత్రం వేరే జాతిది. అది నీటడుగు రంగు. నాచు, గుల్లలు పట్టకుండా ఓడ అడుగుభాగానికి పూసేది. ఆ రంగు పూర్తిగా ఆరదు. నీళ్ళు తగులుతున్నకొద్దీ పొర పొరగా ఊడిపోతూ, తనతోపాటు నాచునూ ఊడగొట్టడమే దాని పని. రేవులో పుట్టి పెరిగిన పసివాడికైనా తెలుసు, దాన్ని గోడకు పూయకూడదని.

పూశాడు ప్రోస్పెరో. పూసి మొనగాడయ్యాడు.

ఆ కథ తెలియనివాడు సందులో లేడు. 1907లో అద్దెలు పెంచారని నగరంలోని అద్దె ఇళ్ళవాళ్ళంతా అద్దె కట్టడం మానేశారు. ఇరవై కుటుంబాలున్న పన్నెండో నంబరు ఇంటిని ఖాళీ చేయించడానికి పోలీసులు గుర్రాల మీద, నీటిగొట్టాలతో వచ్చారు. మగవాళ్ళు పనుల్లో ఉన్నారు. చీపుళ్ళు పట్టుకుని మెట్ల మీద నిలబడింది పదకొండు మంది ఆడవాళ్ళు. పోలీసులు నీళ్ళు కొట్టారు. కొడితే గోడ మీది ఎరుపంతా కరిగి మెట్ల మీదుగా, ఆడవాళ్ళ పావడాల మీదుగా వీధిలోకి కాలువ కట్టింది. తెల్ల చేతితొడుగుల అధికారి అది, మెట్ల మీద పడి ఉన్న ఆడవాళ్ళను చూసి ఎంతమందిని చంపామో అనుకుని శిలువ గుర్తు వేసుకుని, గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. మళ్ళీ రాలేదు. ఇంటివాడు దిగివచ్చాడు, ఇరవై కుటుంబాలూ నిలిచాయి. "ఇలా వస్తారని ముందే ఊహించి, కావాలనే నీటడుగు రంగు పూశాడు మా ప్రోస్పెరో" అని సందు సందంతా చెప్పుకుంది. ముప్పై ఏళ్ళుగా చెప్పుకుంటూనే ఉంది. ఆ పేరు మీద అతను తాగిన ద్రాక్షసారా పోగేస్తే చిన్న పడవ తేలుతుంది.

ఈ ఏడాదితో ముప్పై నిండాయి. గోడకు పాలరాతి పలక బిగించాలని సందువాళ్ళు తీర్మానించారు. అందులో చెక్కాల్సిన మాటలు రాసే పని బడి పంతులమ్మ ఎల్వీరాకు అప్పజెప్పారు. ఆనాడు చీపుళ్ళవాళ్ళకు ముందు నిలబడిన కొలొంబాకు ఈమె మనవరాలు.

శనివారం ఉదయం ప్రోస్పెరో నిచ్చెన మీదుండి ఎర్రరంగు పూస్తుంటే ఎల్వీరా కాగితం పట్టుకుని వచ్చింది.

"తాతా, ఒక్కసారి కిందికి దిగు. నీ పేరు చదువుతా."

"పైనుంచి వినపడదా ఏంటి? చదువు."

ఆమె గొంతు సవరించుకుంది. "ఇక్కడ 1907 అక్టోబరులో రంగుపనివాడు ప్రోస్పెరో ఫిగాల్లో తన పనితనంతో, ముందుచూపుతో పోలీసులను వెనక్కి పంపి ఇరవై కుటుంబాలను కాపాడాడు."

ప్రోస్పెరో నిచ్చెన దిగాడు. చేతులు తుడుచుకుని, కాగితం తీసుకుని, చదువు అంతంతమాత్రమే అయినా తన పేరు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాడు. వాళ్ళ నాన్న సముద్రంలో పోయాడు, ఆయన పేరు ఏ రాతి మీదా లేదు. తన పని చూద్దామా, నలభై ఏళ్ళ కష్టమంతా నీళ్ళ అడుగునే. ఇవాళ పూసింది మరుసటి ఏడు గీకి పారేస్తారు. ఇన్ని ఓడలు దిద్దిన చేతికి భూమ్మీద ఆనవాలంటూ లేదు. ఇదిగో, ఇప్పుడు దొరుకుతోంది. అతని గుండె ఉప్పొంగింది. దాచుకోవడం అతనివల్ల కాలేదు.

"బాగుందే అమ్మాయ్. చాలా బాగుంది. మరి మీ అమ్మమ్మ పేరేది?"

"పలక చిన్నది తాతా. ఒక్క పేరే పడుతుంది. అమ్మమ్మే తీసేయమంది. 'మేమేం చేశాం, ప్రోస్పెరో చెప్పినట్టు పడుకున్నాం, అంతే' అంది. రేపు మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపిస్తా. సరేనంటే ఎల్లుండి చెక్కడానికి ఇచ్చేస్తా. ఒకసారి చెక్కాక ఇక మార్చేది లేదు, ఏదైనా ఉంటే రేపటిలోగా చెప్పు."

ఎల్వీరా వెళ్ళిపోయింది. ప్రోస్పెరో నిచ్చెన ఎక్కలేదు. 'ప్రోస్పెరో చెప్పినట్టు పడుకున్నాం' అన్న మాట అతనికి ముల్లులా దిగింది.

ఎందుకంటే అతనేమీ చెప్పలేదు. అసలు జరిగింది వేరు.

ఆ అక్టోబరులో అతని భార్య బెనెడెత్తాకు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకు ఇల్లు కళకళలాడాలని ఆమె పోరు. రేవులో మూలపడి ఉన్న డబ్బాల్లోంచి ప్రోస్పెరో నిండుగా ఉన్న పెద్దది ఒకటి తెచ్చాడు. దాని మీద కాగితం ఊడిపోయింది. మామూలుగా అయితే అదొక లెక్కా? మూత తీయకుండా వాసనతోనే ఏ రంగో చెప్పగలనని పందేలు కాసే మనిషి అతను. కాని ఆ వారం ఆగ్నేయపు గాలికి జలుబు చేసి ముక్కు దిబ్బడ వేసింది. ఎరుపు కనిపించింది, కళ్ళకు నచ్చింది, పూశాడు. రెండు పూతలు పూశాడు. మర్నాడు బెనెడెత్తా మామూలుగా గోడకు ఆనుకుని నిలబడి బంగాళాదుంపలు తొక్క తీసింది. ఇవతలికి వచ్చి చూస్తే శాలువా వెనక ఎర్రటి వీపు. మొగుడి వైపు చూసింది.

"తేమ ఎక్కువగా ఉంది. రేపటికి ఆరిపోతుంది" అన్నాడు ప్రోస్పెరో.

మర్నాడూ ఆరలేదు. అప్పటికి అతనికి తెలిసిపోయింది. గీకి పారేద్దామంటే సందంతా చూస్తుంది, ఎందుకని అడుగుతుంది. ఓడ రంగుపనివాడు నీటడుగు రంగును ఇంటి గోడకు పూశాడంటే రేవులో తలెత్తుకోగలడా? వంటవాడు పాయసంలో ఉప్పు పోసినట్టే. అడిగినవాళ్ళకల్లా "రేపటికి ఆరిపోతుంది" అంటూ ఇంట్లోనే పడి ఉన్నాడు. మూడోనాడు పోలీసులు వచ్చారు.

మగవాళ్ళందరూ పనుల్లో ఉన్నారని కథలో చెబుతారు. ఒక్క మగవాడు ఇంట్లోనే ఉన్నాడు. తలుపు వెనక నిలబడి, గోడ మీది రంగు కారిపోతుంటే తన తప్పు వీధిన పడిందని ఏడుస్తున్నాడు. ఆ కన్నీళ్ళలోంచే చూశాడు. అధికారి ముఖం తెల్లబోవడం కొలొంబా పసిగట్టింది. ఒక్క క్షణం ఆలోచించలేదు. చీపురు వదిలేసి, మెట్ల మీద వెల్లకిలా పడి "అమ్మా, చచ్చాన్రో" అంది. ఆమె పక్కన ఇంకొకామె పడింది. తరవాత నిండు పొట్టతో బెనెడెత్తా పడింది. పదకొండు మందీ వరసగా పడిపోయారు. తెలివి కొలొంబాది, ధైర్యం వాళ్ళందరిదీ. తనది ముక్కు దిబ్బడ ఒక్కటే.

ఆ సాయంత్రం సారా కొట్లో ఎవరో అడిగారు, ఆ రంగేంటని. ప్రోస్పెరో తన గ్లాసులోకి చూశాడు. ఓడల చెక్కల సందుల్లో జనపనార కూరే బచీచా కానెపా అందుకున్నాడు. "ఏంటేంటి? నీటడుగు రంగు! కావాలనే పూశాడు మావాడు" అని వీపు మీద చరిచాడు. ప్రోస్పెరో కాదనలేదు. ఊరికే నవ్వాడు. ఆ నవ్వే అతన్ని ముంచింది. ఒక ఏడు గడిచేసరికి "పడుకోమని నేనే చెప్పాను" అని తనే కలిపాడు. రెండు గ్లాసులు పడ్డాక కలిపిన మాట అది. అబద్ధానికి ఆకలెక్కువ, ఒక ముద్ద పెడితే ఊరుకోదు. ముప్పై ఏళ్ళకు ఆ మాట కొలొంబాయే నమ్మే స్థితికి వచ్చింది. కనీసం అతనలా అనుకున్నాడు.

బెనెడెత్తా ఎప్పుడూ నోరు విప్పలేదు. నాలుగేళ్ళ కిందట ఆమె పోయాక పెట్టె తెరిస్తే, ఎర్ర వీపుతో ఉన్న ఆ శాలువా మడత పెట్టి ఉంది. అందులో వేపాకుల్లాగా ఏవో ఎండిన ఆకులు కూడా వేసి, పురుగు పట్టకుండా దాచింది. ప్రోస్పెరో దాన్ని మళ్ళీ అలాగే పెట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండో నంబరు ఇంటి నడవాలో పొడుగు బల్లలు వేశారు. శనగపిండి రొట్టెలు పొయ్యిలోంచి పళ్ళేలు పళ్ళేలుగా వస్తున్నాయి. సందులో నడవగలిగినవాళ్ళందరూ వచ్చారు, నడవలేనివాళ్ళను కుర్చీలతో సహా మోసుకొచ్చారు. డెబ్భై రెండేళ్ళ కొలొంబా బల్ల మొదట్లో కూర్చుని, రొట్టె మాడిందని పొయ్యి దగ్గరి కోడళ్ళను తిడుతోంది. బచీచా ప్రోస్పెరో పక్కనే కూర్చున్నాడు.

"ఏరా, రాతి మనిషివి కాబోతున్నావుగా, ముద్ద దిగట్లేదా?"

"నోర్ముయ్యరా."

"చూశారా, ఇప్పుడే ఎంత బరువుగా మాట్లాడుతున్నాడో!"

ఎల్వీరా లేచి కాగితం చదివింది. చప్పట్లు మోగాయి. పళ్ళేల మీద చెంచాలు మోగాయి. "సరేనా?" అని ఆమె అడిగితే "సరే!" అని నడవా అంతా అరిచింది. ఇక అయిపోయింది. ప్రోస్పెరో నోరు మూసుకుని కూర్చుంటే చాలు, పేరు రాతి మీదికెక్కుతుంది. మనవలు, మునిమనవలు చదువుతారు.

అతను లేచి నిలబడ్డాడు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"సరే కాదు. ఆగండి. నాకు ముందుచూపూ లేదు, పాడూ లేదు. నాకు జలుబు."

ఎవరికీ అర్థం కాలేదు. కొందరు నవ్వబోయారు.

"ఆ వారం నాకు జలుబు చేసింది. ముక్కు పనిచేయలేదు. డబ్బా మీద కాగితం లేదు. నీటడుగు రంగని తెలీక పూశాను. ఓడ రంగుపనివాణ్ణి, నేను! తెలీక పూశాను. పోలీసులొచ్చినప్పుడు తలుపు వెనకాల ఉండి ఏడ్చాను. పడుకోమని ఎవరికీ చెప్పలేదు. పడుకోవాలని కొలొంబా వదినకే తోచింది. మా బెనెడెత్తా నిండు పొట్టతో ఆ తడి మెట్ల మీద పడుకుంది. వాళ్ళకు రావాల్సిన పేరు ముప్పై ఏళ్ళు నేను తిన్నాను. నా పేరు తీసెయ్యి ఎల్వీరా. తీసేసి వాళ్ళ పేరు పెట్టు."

చెంచాలు ఆగాయి. పొయ్యి దగ్గర కోడళ్ళు కూడా ఆగిపోయారు. ప్రోస్పెరో తల వంచుకుని, రాబోయే నవ్వు కోసం కాచుకున్నాడు. రేవు మొత్తం నవ్వుతుంది. రేపటి నుంచి కుర్రకారు ముక్కు మూసుకుని ఎదురొస్తారు. రానీ.

ముందుగా నోరు విప్పింది బచీచా. "అయిపోయిందా?" అని రొట్టె తుంచుకున్నాడు.

"ఏం అయిపోయిందా?"

"నువ్వు చెప్పేది. అయిపోతే కూర్చో, రొట్టె చల్లారిపోతోంది."

"నేను చెప్పింది వినపడలేదా నీకు?"

"ముప్పై ఏళ్ళ నుంచి వినపడుతూనే ఉందిరా. నువ్వు పూసిన మర్నాడు పొద్దున నీ గోడ పక్కగా వెళ్తుంటే వాసన కొట్టింది. నాకు జలుబు లేదుగా! ఇలా వేలు పెట్టి చూశా, ఎర్రగా అంటింది. రోజంతా అదే పూసిన ఓడల కింద పడుకుని పనిచేసేవాణ్ణి, నాకు తెలీదా?" బచీచా బల్ల చుట్టూ చూశాడు. "ఎవరెవరికి తెలుసో చేతులెత్తండి."

ఒక వడ్రంగి చెయ్యెత్తాడు. పక్కన తాళ్ళు పేనేవాడు ఎత్తాడు. ముసలివాళ్ళందరూ ఎత్తారు. ఎవరికి తెలీదు? అందరూ ఓడల మధ్య పుట్టినవాళ్ళే, ఓడల మీద బతికినవాళ్ళే. తర్వాత వాళ్ళ కొడుకులు ఎత్తారు. చివరికి కొలొంబా చెయ్యెత్తింది, ఇంకో చేతిలో ఫోర్కు అలాగే ఉంది.

ప్రోస్పెరో ముఖం ఆ గోడకన్నా ఎర్రబడింది. "మరైతే ఆ రోజు సారా కొట్లో... కావాలనే పూశానని..."

"ఏమనమంటావు? ఆ రాత్రి అవతలి వీధివాళ్ళు సగం మంది కొట్లోనే ఉన్నారు. లంగరు సందు రంగుపనివాడు నీటడుగు రంగు గోడకు పూశాడని వాళ్ళు నవ్వితే, మేం ముఖాలెక్కడ పెట్టుకోవాలి? నోటికొచ్చింది అన్నాను. నువ్వు నవ్వావు. ఇంకేం, అదే ఖాయమైంది."

"ముప్పై ఏళ్ళు నన్ను వెర్రివాణ్ణి చేశారా అందరూ కలిసి?"

"వెర్రివాణ్ణి చేయలేదురా" అంది కొలొంబా. "వెర్రివాడివని బయటికి పొక్కనివ్వలేదు."

అప్పుడు నవ్వారు. నడవా దద్దరిల్లేలా నవ్వారు. ప్రోస్పెరో అంతగా భయపడిన నవ్వు అదే. తీరా వచ్చాక చూస్తే అందులో అతన్ని కొట్టేది ఏమీ లేదు. ఇరవై కుటుంబాలు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, ఇంతమంది నోళ్ళు అతని పరువు కోసం ముప్పై ఏళ్ళు కట్టుబడి ఉన్నాయి. తాగిన నోళ్ళు, తగవులాడిన నోళ్ళు, అతనితో మాటలు మానేసిన నోళ్ళు కూడా. ఒక్కటి జారలేదు. అతనికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఈసారి తలుపు వెనక్కి పోలేదు, అందరి ముందే తుడుచుకున్నాడు.

"వదినా, పడుకోమని నేను చెప్పానని అన్నప్పుడల్లా నువ్వెందుకు ఊరుకున్నావు? అది నీ సొమ్ము కదా."

కొలొంబా ఫోర్కు కింద పెట్టింది. "మీ ఆవిడ అడిగింది. బిడ్డ మొదటి పుట్టినరోజునాడు వచ్చింది నా దగ్గరికి. 'వదినా, ఆయన గొప్పలు పోతుంటే వినడం కష్టమే. కాని ఎప్పటికో ఒకప్పటికి తనే చెబుతాడు, అందాకా ఓర్చుకో' అంది. నేను ఒక ఏడాది అనుకున్నానురా! ముప్పై ఏళ్ళు పట్టించావు. ఇంకో రెండేళ్ళాగితే నేనే పోయేదాన్ని."

ఎల్వీరా పెన్సిలు పట్టుకుని నిలబడి ఉంది. "మరి పలక మీద ఏం రాయను తాతా? ఒక్క పేరే పడుతుందని చెప్పానుగా."

ఆ తర్వాత గంటసేపు గొడవ. ఇరవై మంది ఇరవై రకాలుగా చెప్పారు. పదకొండు పేర్లూ పట్టేంత పెద్ద పలక తెద్దామని వడ్రంగి అన్నాడు. అంత బరువును రేకుల గోడ మోయదని బచీచా అన్నాడు. అయితే పేర్లు గోడ మీదే రాద్దామని ఎవరో అన్నారు. నీటడుగు రంగు మీద ఏ రాతా నిలవదని అందరూ ఒకేసారి అరిచారు. చివరికి కొలొంబా బల్ల మీద చరిచి చెప్పిన మాటే ఖాయమైంది. ఎల్వీరా చదివింది.

"1907లో ఈ మెట్ల మీద ఈ సందు ఆడవాళ్ళు చీపుళ్ళతో నిలబడ్డారు. రంగు, ప్రోస్పెరో ఫిగాల్లో."

"రంగు అబద్ధం కాదుగా" అంది కొలొంబా. "పూసింది నువ్వేగా. పూయకపోతే ఆ వెధవ దేన్ని చూసి జడిసేవాడు? తప్పో ఒప్పో, మా సందు చేసింది అది. మాకు రెండూ కావాలి."

"సరేనా?" అని అడిగింది ఎల్వీరా.

ఈసారి ప్రోస్పెరో కూడా అరిచాడు.

అరిచి, కుర్చీ వెనక్కి నెట్టి, ఆదివారం కోటు బొత్తాలు పెట్టుకుని వీధిలోకి నడిచాడు. ఏమిటోనని బచీచా వెనకే వెళ్ళాడు. అతని వెనక అందరూ వెళ్ళారు. నిన్న పూసిన ఎరుపు ఎండలో మెరుస్తోంది. ముప్పై ఏళ్ళలో కొత్తల్లుళ్ళు ఆనుకున్నారు, వకీలు ఆనుకున్నాడు, ఒకసారి తప్పిపోయి వచ్చిన ఫాదరీ ఆనుకున్నాడు. దాన్ని పూసిన ప్రోస్పెరో మాత్రం ఒక్కనాడూ ఆనుకోలేదు. ఆనుకుంటే అది ఆరలేదని తనే ఒప్పుకున్నట్టు కదా.

అతను గోడకు వీపు తిప్పి నిలబడ్డాడు. బెనెడెత్తా బంగాళాదుంపలు తొక్క తీసిన చోటు చూసుకుని, అక్కడికి జరిగి, భుజాలు రెండూ ఆనేలా నిండుగా ఆనుకున్నాడు.

"ఎలా ఉందిరా?" అని అడిగాడు బచీచా.

ప్రోస్పెరో గోడను వదిలి ముందుకొచ్చాడు. వీపు తిప్పి సందంతటికీ చూపించాడు.

"తేమ ఎక్కువగా ఉంది" అన్నాడు. "రేపటికి ఆరిపోతుంది."